కోటు విప్పిన వకీలు

నా మిత్రుడొకడు ఎనిమిది సంవత్సరాలు వకీలుగా పనిచేసి, 2019లో ఆ వృత్తి మానుకొని ఒక కంపెనీలో లీగల్ మేనేజరుగా చేరాడు. అతను పనిచేసిన లా ఫర్మ్‌కు ఆ కంపెనీ అంతకు ముందు క్లయింటు. ఇందులో వింత ఏమీ లేదు. హైదరాబాదులో ఇటువంటి వాళ్ళు కొల్లలుగా ఉన్నారు. దీన్ని గురించి వ్యాసం రాయవలసిన అగత్యం ఏమిటని పాఠకులు అడగవచ్చు. అగత్యం నాది. ఆ వార్త తెలిసిననాడు నేను అతనితో ఒక మాట అన్నాను. ఆ మాట తప్పో ఒప్పో ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

"అమ్ముడువోయినవురా" అన్నాను.

అతను ఫోను పెట్టేశాడు. తరవాత చాలాకాలం మా మధ్య మాటలు లేవు.

మన బోటివాళ్ళ నోట్లో ఈ మాట చాలా చౌక. కవి సన్మానం చేయించుకుంటే అమ్ముడుపోయాడంటాం. సంఘం నాయకుడు కారు కొంటే అమ్ముడుపోయాడంటాం. చాలాసార్లు అది నిజమే కావచ్చు. అయితే అమ్మకం అన్నప్పుడు సరుకు ఏమిటి, కొన్నవాడెవడు, అంతకు ముందు ఆ సరుకు ఎవరి చేతిలో ఉంది అని అడగాలి గదా. మార్క్సు పుస్తకం అటక మీద పెట్టుకున్నవాడికి ఈ ప్రశ్నలు తట్టాలి. నాకు తట్టలేదు.

మాది ఇబ్రహీంపట్నం. ఈ పేరు చెప్పగానే కొందరు హైదరాబాదు పక్క ఊరనుకుంటారు, విజయవాడ వాళ్ళు తమ పక్క ఊరనుకుంటారు. మాది జగిత్యాల జిల్లాలో, మెట్‌పల్లి పక్కన ఉన్నది. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా కరీంనగరు జిల్లా. పసుపు, మొక్కజొన్న, వరి పండుతాయి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడేదాకా చెరుకు కూడా పండేది. ఆడవాళ్ళు ఇళ్ళలో కూచుని బీడీలు చేస్తారు. మగవాళ్ళు వీసా దొరికితే దుబాయి పోతారు, దొరక్కపోతే హైదరాబాదు పోతారు. నా మిత్రుడి తండ్రి రెండెకరాల చెరుకు రైతు. తల్లి బీడీలు చేసి కొడుకును చదివించింది. తాత ఒక పటేలు దగ్గర జీతమున్నాడు.

ఈ "జీతముండటం" అనే మాట ఇతర ప్రాంతాల పాఠకులకు కొంచెం విప్పి చెప్పాలి. ఉద్యోగం చేసి నెల తిరగ్గానే డబ్బు తీసుకోవటం అని మా పక్క దీనికి అర్థం కాదు. ఏడాదికి ఇన్ని వడ్లకని మాట్లాడుకొని, తీసుకున్న అప్పు తీరేదాకా దొర ఇంటా దొర పొలంలోనూ పగలూ రాత్రీ ఉండటం. అట్లా ఉన్నవాణ్ణి జీతగాడంటారు. 1978 సెప్టెంబరులో జగిత్యాలకు నడిచిన వేల జనంలో ఈ జీతగాళ్ళున్నారు. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు పారిపోయి చెరుకు తోటల్లో పడుకున్నవాళ్ళలో తన తాత ఒకడని మిత్రుడు గొప్పగా చెప్పేవాడు. అటువంటి తాతకు మనవడై జీతానికి కుదిరాడని నా కోపం. ఆ మాటకున్న రెండర్థాలను కలిపి నేనొక నేరం తయారు చేశాను. తెలుగు ఎం.ఏ. చదివిన వాళ్ళకు ఈ విద్య బాగా వస్తుంది.

ఇక అతని వకీలు వృత్తి ఎట్లా నడిచిందో చూడాలి. వరంగల్లులో లా చదివి, సన్నదు తీసుకొని, మొదట మెట్‌పల్లి కోర్టులో ఒక సీనియరు దగ్గర చేరాడు. సీనియరు మంచివాడే. దసరాకు బట్టలు పెట్టేవాడు, బస్సు చార్జీలిచ్చేవాడు. జీతం అనేది లేదు. జూనియరుకు జీతమివ్వటం వృత్తి గౌరవానికి భంగమని వకీళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఆ గౌరవం సీనియర్లకు కాస్త లాభసాటిగా కూడా ఉంటుంది. జూనియర్లకు నెలకు పట్నాలలో 20,000, పల్లెల్లో 15,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలని భారత బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సిఫారసు చేసింది. అది సిఫారసు, అంతే. మిత్రుడి కాలంలో ఆ మాత్రం కూడా లేదు. స్వతంత్ర వృత్తి అని మనం పేరు పెట్టుకున్న దానిలో మొదటి అయిదారేళ్ళు నిలవాలంటే ఇంట్లో పొలమన్నా ఉండాలి, తండ్రి వకీలన్నా అయి ఉండాలి. తల్లి చుట్టే బీడీల మీద కొడుకు స్వాతంత్ర్యం రెండేళ్ళు నడిచింది. అంతకన్న నడవలేదు.

హైదరాబాదులో లా ఫర్మ్‌లో ఆరేళ్ళున్నాడు. అక్కడ నెలనెలా డబ్బిచ్చేవారు, దాని పేరు మాత్రం జీతం కాదు, రిటైనరు. ఉదయం హైకోర్టు, రాత్రి పదింటిదాకా ఆఫీసు, ఆదివారం సీనియరు ఇల్లు. ప్రావిడెంటు ఫండు లేదు, సెలవు చీటీ లేదు. ఉద్యోగి కాడు గనక ఉద్యోగికుండే హక్కులు లేవు. స్వతంత్రుడు గనక కేసు వద్దనే హక్కు ఉండాలి, అదీ లేదు. ఏ కేసు తీసుకోవాలో సీనియరు చూసుకునేవాడు, ఇతను కౌంటర్లు రాసేవాడు. సీనియరుకు వేరే కోర్టులో పని ఉంటే ఇతను లేచి వాయిదా అడిగేవాడు. ఆరేళ్ళలో మొదటినుంచి చివరిదాకా తన నోటితో వాదించిన కేసులు రెండు చేతుల వేళ్ళకు సరిపోతాయి.

ఈ కంపెనీ కాగితాలు నాలుగేళ్ళు అతని బల్ల మీదనే ఉండేవి. "వీరు మా కార్మికులు కారు, కాంట్రాక్టరు తెచ్చుకున్నవారు" అనే కౌంటరు అతను ఎన్నిసార్లు రాశాడో లెక్కలేదు. ఆ నాలుగేళ్ళూ నేను అతన్ని ఏమీ అనలేదు. పైగా కోరుట్లలో సభ జరిగితే "మా హైకోర్టు వకీలు" అని నలుగురికీ చూపించాను. కంపెనీకి అతను కేసుకింతని నోరు అద్దెకిస్తున్నంతకాలం నాకు అభ్యంతరం లేకపోయింది. నెలకింతని మనిషి మొత్తంగా పోయేసరికి వచ్చింది. నల్లకోటు నాకు అద్దెను కనపడనివ్వలేదు.

అయితే రెండూ ఒకటేనా? కాదు. వకీళ్ళ చట్టం, 1961 కింద బార్ కౌన్సిల్ చేసిన నియమాలలో 49వది ఉంది. పూర్తికాలపు జీతానికి ఉద్యోగంలో చేరిన వకీలు ఆ సంగతి తన రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలపాలి, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వృత్తి మానుకోవాలి. మిత్రుడు అట్లాగే దరఖాస్తు పెట్టి సన్నదు నిలిపివేయించుకున్నాడు. ఈ నియమం వెనక ఉన్న ఊహ మంచిదే. వకీలు కోర్టుకు కూడా జవాబుదారీ, యజమాని ఒక్కడికే జవాబు చెప్పేవాడు ఆ రెండో బాధ్యత మొయ్యలేడు అని. కాని ఈ నియమం జీతం అనే పేరున్నచోటే పనిచేస్తుంది. రిటైనరు అన్నచోట పనిచెయ్యదు. ఒక్క పెద్ద క్లయింటు పోతే మూతపడే ఆఫీసులో కూచున్న వకీలు ఎంత స్వతంత్రుడో ఈ నియమం అడగదు.

మన సాహిత్యంలో వకీళ్ళకు కొరత లేదు. రావిశాస్త్రి తాను వకీలై ఉండి "ఆరు సారా కథలు"లో కోర్టునూ పోలీసునూ కలిపి నిలబెట్టాడు. కన్నబిరాన్ వంటి మనిషిని దగ్గరగా చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. వకీలంటే మనకు గుర్తొచ్చే మంచి బొమ్మ అటువంటిది. దానికి మూలవిరాట్టు "కన్యాశుల్కం"లోని సౌజన్యారావు పంతులు. ఏటేటా పిల్లలకు నేను ఈ పాత్ర చెప్పాను. చెప్పినన్నిసార్లూ ఆ పాత్ర సృష్టించిన మనిషి నెల తిరగ్గానే ఎవరి దగ్గర డబ్బు తీసుకున్నాడో చెప్పటం మరిచిపోయాను. గురజాడ మొదట విజయనగరం మహారాజావారి కాలేజీలో మా బోటి లెక్చరరు. తరవాత సంస్థానం కొలువులో శాసన పరిశోధకుడు. 1897లో ఆనంద గజపతి చనిపోయాక రీవా మహారాణికి ఆంతరంగిక కార్యదర్శి. సంస్థానం వారసత్వపు వ్యాజ్యం కాగితాలు ఆయన చేతుల మీదుగా నడిచాయి. నేటి పరిభాషలో దీన్ని ఇన్‌హౌస్ పని అనాలి, సన్నదు లేదు గాని. "కన్యాశుల్కం" పెంచి రాసి 1909లో అచ్చువేసింది ఆ కొలువులో ఉంటూనే. కోర్టు గుమ్మాల దగ్గర జరిగే తంతులన్నీ ఆయనకు అంత బాగా ఎట్లా తెలుసని మనం ఆశ్చర్యపోతాం. ఆయన గొప్పవాడు కనక కొలువు మంచిదైపోదు. కొలువులో ఉన్నాడు కనక ఆయన అమ్ముడుపోయాడని ఎవరన్నా అంటే మనం ఊరుకోం. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టుకొని మిత్రుడి దగ్గరికి పోయి ఉంటే బాగుండేది. అట్లా జరగలేదు. వేరే విధంగా కలుసుకున్నాం.

మా పక్క పిల్లలు చాలామంది ఆ కంపెనీ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టరు కింద పనిచేసేవారు. మా మేనమామ కొడుకు వాళ్ళలో ఒకడు. ఆరేళ్ళు చేశాడు. 2020లో కరోనా పేరు చెప్పి గేటు దగ్గర ఆపేశారు. నోటీసు లేదు, పరిహారం లేదు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాణ్ణి తీసెయ్యాలంటే ఒక నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల వేతనం పరిహారంగా ఇవ్వాలి. యూనియను వాళ్ళు కేసు వేశారు. 2022లో ఒక పేషీకి నేనూ వెంట పోయాను.

యూనియను పెద్దమనిషి వకీలు కాడు. ముప్పయ్యేళ్ళుగా లేబరు కోర్టులు తిరిగి చట్టం నేర్చుకున్నవాడు. మెట్ల మీద మాకు ధైర్యం చెప్పాడు. "వాళ్ళు వకీలును తెస్తే మనం ఒప్పుకోం. మనం ఒప్పుకోకుంటే వకీలు నిలవడరాదు. గప్పుడు మేనేజరే రావాలె. మేనేజరుకు చట్టం రాదు." ఆయన చెప్పింది నిజం. 1947 నాటి ఆ చట్టంలో 36వ సెక్షన్ కార్మికుడికి చేసిన మేలు అది. డబ్బున్నవాడు పెద్ద వకీలును పెట్టి లేనివాణ్ణి నలిపెయ్యకుండా, ఎదుటి పక్షం సమ్మతీ కోర్టు అనుమతీ ఉంటే తప్ప వకీలు రాకూడదన్నారు.

పిలుపు వచ్చింది. నీలం చొక్కా వేసుకొని, మెడలో కంపెనీ బిళ్ళతో, నా మిత్రుడు లేచి నిలబడ్డాడు.

యూనియను పెద్దమనిషి అభ్యంతరం చెప్పాడు. మిత్రుడు అధికార పత్రం ఇచ్చి, పారదీప్ పోర్ట్ ట్రస్టు కేసు చెప్పాడు. 1976లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది. లా చదివినవాడైనా, ఒకప్పుడు వకీలైనా, ఇప్పుడు వృత్తి మానుకొని కంపెనీ జీతం కింద, కంపెనీ అదుపులో అధికారిగా ఉంటే అతను యజమాని తరఫున రావచ్చు. ఆ చదువు అడ్డం కాదు. కోటు ఉంటే ఏ గదిలోకి రానివ్వరో, కోటు విప్పితే ఆ గదిలోకి రానిస్తారు. కార్మికుడి కోసం కట్టిన గోడలో ఆ తలుపు ఉన్నట్టు నాకు ఆ రోజుదాకా తెలియదు. కంపెనీకి తెలుసు. లా ఫర్మ్ వకీలుకు కంపెనీ పెద్ద జీతమిచ్చి లోపలికి ఎందుకు తీసుకుంటుందో నాకు అప్పుడు కొంత అర్థమైంది.

వాయిదా పడింది. వరండాలో మిత్రుడు మా మేనమామ కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "మంచిగున్నవా తమ్మీ, బాపు పాణం ఎట్లున్నది?" అని అడిగాడు. వాడు "మంచిగనే ఉన్నం అన్నా" అన్నాడు. నాతో ఎవరూ ఏమీ అనలేదు.

ఆ దసరాకు ఊళ్ళో అతని తల్లి నన్ను పిలిపించింది. "మీరిద్దరు మాట్లాడుకుంటలేరట గదా బిడ్డా" అంది. నేనేదో నసిగాను. "మా మామ జీతమున్నడు. తిట్టినా కొట్టినా పడి ఉన్నడు. వీడు గూడ జీతమే. గాని నెల కాంగనె పైసలు పడ్తయి, ఎవ్వడు మీద చెయ్యి ఎయ్యడు. నల్లకోటు ఏసుకున్నన్నొద్దులు నేనే పైసలు పంపిన" అంది. చేట ఒళ్ళో పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూనే ఉంది. ఆమెతో వాదించడానికి నా దగ్గర పుస్తకం లేదు.

రాత్రి ఇద్దరం కాలువ గట్టు మీద కూచున్నాం.

"నువ్వు నన్ను కోర్టుల జూసినవు. కోర్టుకు రాకముందు లోపల ఏమైతదో నువ్వు జూడలే" అన్నాడు.

"ఏమైంది లోపల?"

"చెప్పరాదు."

"మా పిల్లగాని కేసురా అది."

"అందుకే చెప్పరాదు. వకీలుగున్నప్పుడు క్లయింటు ముచ్చట చెప్పకపోతే ధర్మమన్నవు. నౌకరిల ఉండి చెప్పకపోతే అమ్ముడువోయినవంటవు."

నేను సమాధానం చెప్పలేదు. ఆ మాట మీద ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

2023లో కేసు రాజీ అయింది. కంపెనీ తనంతట తానే కబురు పెట్టింది. ఉద్యోగం ఇవ్వరు, మూడున్నర లక్షలిస్తారు. యూనియను పెద్దమనిషి వద్దన్నాడు. కొట్లాడితే ఉద్యోగం, పాత జీతం రెండూ వస్తాయి, కాంట్రాక్టరు అనేవాడు ఉత్త తెర అని తేలుతుంది, ఇంకా అరవైమందికి దారి పడుతుంది అన్నాడు. ఎన్నేళ్ళు పడుతుందని మా వాడు అడిగాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాడు. ఊరుకున్నాడు. మా వాడు సంతకం పెట్టాడు.

అటువంటి కేసులో కంపెనీ తనంతట తాను ఎందుకు దిగివచ్చింది? లోపల ఎవరో ఒక కాగితం రాసి ఉండాలి. రిజిస్టరు చూస్తే 240 రోజులు దాటాయి, నోటీసు లేదు, ఈ కేసు ఓడిపోతాం, తీర్పు వస్తే మిగతావాళ్ళూ వస్తారు, ఇప్పుడే డబ్బిచ్చి వదిలించుకోవటం మేలు అని. అది నా మిత్రుడే రాశాడా? ఊరి పిల్లవాడికి నాలుగు డబ్బులు రావాలని రాశాడా, అరవైమందికి దారి మూయాలని రాశాడా? ఆ కాగితంలో ఒకటే వాక్యం రెండు పనులూ చేసి ఉండవచ్చు. రాసినవాడికి కూడా ఏది తన ఉద్దేశమో తెలియకపోవచ్చు. కోర్టులో వకీలు మాట్లాడింది రికార్డులో ఉంటుంది. బాగుందనవచ్చు, బాగాలేదనవచ్చు. లోపలి మనిషి రాసిన దానికి పాఠకుడు ఒక్కడే, వాడే యజమాని. విమర్శకుడి చేతికి అది అందదు. కోటు విప్పిన వకీలు పోగొట్టుకున్నది స్వాతంత్ర్యం అని నేననుకున్నాను. అది అతనికి అంతకు ముందు కూడా పెద్దగా లేదు. పోయింది పదిమంది ఎదుట మాట్లాడటం. ఇకమీద అతను మంచి చేసినా మనం చూడం, చెడు చేసినా చూడం.

ఆ మరుగు కూడా అతనికి ఎంతవరకు సొంతమో చూడండి. 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, కంపెనీ జీతం మీద ఉన్న న్యాయ సలహాదారుకు వకీలుకుండే గోప్యతా రక్షణ వర్తించదనీ, అతను ప్రాక్టీసు చేసే వకీలు కాడనీ చెప్పింది. వేరే సెక్షన్ కింద కొంత రక్షణ ఉంది గాని, యజమానికీ అతనికీ మధ్య జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు దాని కిందికి రావు. అంటే రేపు కోర్టు అడిగితే అతను నోరు విప్పాలి, మిత్రుడడిగితే విప్పకూడదు. అతన్నే ఉద్యోగంలోంచి తీసేస్తే లేబరు కోర్టుకు పోవటానికీ లేదు. మేనేజరు హోదా కనక చట్టం దృష్టిలో కార్మికుడు కాడు. వకీలూ కాడు, కార్మికుడూ కాడు.

నా సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం దొంగ వ్యాసమవుతుంది. 2023లోనే నా కాంట్రాక్టు లెక్చరరు ఉద్యోగం క్రమబద్ధమైంది. పదకొండేళ్ళు ఎదురు చూసిన కాగితం. మిత్రులు మిఠాయి తిన్నారు, అమ్ముడుపోయానని ఎవరూ అనలేదు. కాంట్రాక్టులో ఉన్నప్పుడు ధర్నాలో మైకు పట్టుకునేవాణ్ణి. ఉద్యోగం ఖాయమయ్యాక నేను రాసి పంపకుండా పెట్టుకున్న వ్యాసాలు రెండున్నాయి. పంపవద్దని నాకు ఎవరూ చెప్పలేదు.

మా మేనమామ కొడుకు ఆ మూడున్నర లక్షల్లో కొంత పెట్టి వీసా తీసుకున్నాడు. పోయేముందు కంపెనీవాళ్ళు పంపిన ఒప్పందం కాగితాలు, పదకొండు పేజీలు, నా దగ్గరికి తెచ్చాడు. ఇంగ్లీషు నాకు వచ్చు గాని అందులో ఏముందో నాకు తెలియలేదు. మిత్రుడికి ఫోను చేశాను. రాత్రి పదిన్నర అయింది, అతను ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. కాగితాలు పంపమన్నాడు. అరగంట తరవాత తనే ఫోను చేశాడు.

"ముందుగాల ఒకటి ఇను. నేను వకీలును గాదు. గిది సలహా అనుకోకు" అన్నాడు.

తరవాత నలభై నిమిషాలు ఒక్కొక్క షరతే చదివి మా వాడికి తెలుగులో చెప్పాడు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వవద్దన్నాడు. ఏడో పేజీలో ఒకచోట సంతకం పెట్టవద్దనీ, అక్కడ పని గంటలు రాసి లేవనీ, రాయించుకొని పెట్టమనీ చెప్పాడు.